ఎపిస్కోపల్ చర్చిలో అందరూ నవ్వుతారు, ఎవరూ దగ్గరవ్వరు. మీ దగ్గరా ఇంతేనా?

బందరు_లడ్డూ
ఒహాయోలో ఒక చిన్న ఊరికి ఈ వేసవిలో మారాం. మాది బందరు, పుట్టుకతో సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా). తెలుగు సంఘం కావాలంటే కొలంబస్ దాకా కారేసుకుని పోవాలి. ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక ఎపిస్కోపల్ చర్చి (ఇంగ్లండు చర్చి, అంటే ఆంగ్లికన్ సంప్రదాయానికి అమెరికా శాఖ) ఉంది. బయట బోర్డు మీదే మీకు స్వాగతం అని రాసి ఉంటే, సరే చూద్దామని వెళ్ళడం మొదలుపెట్టాం. ఆరాధన క్రమం చూసి ఆశ్చర్యపోయాను. విశ్వాస ప్రమాణం, పాపపు ఒప్పుకోలు, ప్రభు భోజనం, అన్నీ మన వరసే. భాష ఒక్కటే తేడా.

నా బాధల్లా ఆరాధన అయ్యాక. గుమ్మంలో ఒక పెద్దాయన కాగితం చేతికిచ్చి నవ్వుతాడు. ఆరాధన మధ్యలో ఒకరికొకరు శాంతి, సమాధానం చెప్పుకునేటప్పుడు చర్చంతా తిరిగి మరీ చేయి కలుపుతారు. ఆ తర్వాత హాల్లో కాఫీ. మంచు ఎప్పుడు పడుతుంది, మొన్న మ్యాచ్ ఎవరు గెలిచారు, అంతే. పావుగంటలో పార్కింగ్ ఖాళీ. ఎక్కడుంటున్నారు, ఎలా ఉన్నారు అని అడిగిన మనిషి లేడు. మా ఊళ్ళో కొత్త కుటుంబం దిగిందంటే ఆ వారంలోనే అయ్యగారు, అమ్మగారు ఇంటికొచ్చి ప్రార్థన చేసి, టీ తాగి, మన మూడు తరాల చరిత్ర కనుక్కుని వెళ్తారు.

ఇదిలా ఉండగా పోయిన వారం పోస్టులో కవరొచ్చింది, వచ్చే ఏడాదికి ఎంత ఇస్తారో రాసి పంపమని. మనిషి రాలేదు గానీ కవరు మాత్రం వచ్చేసింది! మా ఆవిడ ఇక కొలంబసే నయం అంటోంది. ఏమంటారు?

హెచ్4_కబుర్లు
"మనిషి రాలేదు గానీ కవరు వచ్చేసింది" 😂😂 ఇది మా ఆయనకి ఫార్వర్డ్ చేశా.

ఆల్టర్_గిల్డ్_అక్క
బందరు తమ్ముడూ, నేను న్యూజెర్సీలో ఇలాంటి చర్చికే చాలా ఏళ్ళుగా వెళ్తున్నా. మొదట్లో నాకూ ఇదే ఏడుపు. ఒక మాట చెప్తాను, కోప్పడకు. వీళ్ళ దగ్గర ఆదివారం ఆరాధనకి వచ్చి వెళ్ళేవాళ్ళు పెళ్ళికొచ్చిన చుట్టాల్లాంటి వాళ్ళు. మర్యాద చేస్తారు, వంటింట్లోకి మాత్రం రానివ్వరు. వంటింట్లోకి వెళ్ళాలంటే ఏదో ఒక పని ఒప్పుకోవాలి. వాళ్ళు దాన్నే మినిస్ట్రీ అంటారు. వాక్యం చదవడం, గాయక బృందం, ఫుడ్ ప్యాంట్రీ (లేనివాళ్ళకి ఉచితంగా సరుకులిచ్చే చోటు), కాఫీ పెట్టడం, పిల్లల క్లాసు, ఏదైనా సరే.

నేను ప్రభు భోజనపు బల్ల సిద్ధం చేసే బృందం, ఆల్టర్ గిల్డ్‌లో చేరాను. శనివారం పొద్దున మేం నలుగురైదుగురు ఆడవాళ్ళం కలుస్తాం. బల్ల మీద గుడ్డలు మార్చడం, ఇత్తడి సామాను తోమడం, రొట్టె బిళ్ళలు లెక్కపెట్టి డబ్బాలో వేయడం. గిన్నె అంచు తుడిచే తెల్ల నార గుడ్డలుంటాయి చూశావా, వాటిని ముందు విడిగా నీళ్ళలో జాడించాలి. ఆ నీళ్ళు మామూలు సింకులో పోయకూడదు. మా వెనక గదిలో ఒక చిన్న తొట్టి ఉంది, దాని గొట్టం మురుగులోకి పోదు, తిన్నగా మట్టిలోకి దిగుతుంది. ద్రాక్షారసం తగిలిన నీళ్ళు అందులోనే పోయాలి. తర్వాత తడి ఆరకముందే ఇస్త్రీ చేసి, సిలువ గుర్తు పైకి కనబడేలా మూడు మడతలు వేయాలి. నాకు ఆ మడత నేర్పిన ముసలావిడ నోటి నుంచి ఆదివారాల్లో గుడ్ మార్నింగ్ తప్ప ఇంకో మాట వచ్చేది కాదు. శనివారం ఇస్త్రీ పెట్టె పట్టుకుంటే మాత్రం చనిపోయిన మొగుడి దగ్గర్నుంచి కోడలి దాకా అన్నీ చెప్పేది. మా పాపకి జ్వరమొస్తే మందుల షాపుకి నన్ను కార్లో తీసుకెళ్ళింది ఆవిడే.

సూటిగా
ఆ కవరు సంగతి పక్కనపెట్టండి. చర్చి బయట ఇంద్రధనుస్సు జెండా కనబడలేదా బ్రదర్? 2003లో న్యూ హాంప్‌షైర్‌లో జీన్ రాబిన్సన్ అనే గే బిషప్‌ని అభిషేకించింది వీళ్ళే. 2015లో స్వలింగ పెళ్ళిళ్ళకి అధికారికంగా దారి తెరిచారు. మన సీఎస్ఐ అయ్యగార్లు ఒప్పుకునే సంగతులేనా ఇవి? ఆరాధన క్రమం ఒకటే అయితే సరిపోతుందా? వాక్యం ముఖ్యమా, కాఫీ ముఖ్యమా? కొలంబస్ వెళ్ళండి.

సాయంత్రం_షిఫ్ట్
@సూటిగా అడిగింది స్నేహం గురించి అన్నా. మీరు జెండా దగ్గరికి తీసుకుపోయారు.

సూటిగా
స్వాగతం అంటే ఎవరికి, దేనికి అని తెలుసుకోవద్దా? అది చెప్పడం తప్పెలా అవుతుంది?

నంద్యాల_మనవడు
తెలుసుకోవాలి, కాదనను. అయితే మొత్తం తెలుసుకుందాం. సీఎస్ఐ కూడా ఇంగ్లండు చర్చి సంప్రదాయపు చర్చిల ప్రపంచ కూటమి అయిన ఆంగ్లికన్ కమ్యూనియన్‌లో సభ్యురాలే, ఎపిస్కోపల్ చర్చీ సభ్యురాలే. కాబట్టి బందరు వాళ్ళు అక్కడ పరాయివాళ్ళేం కాదు. బందరులో నోబుల్ కాలేజీకి పునాది వేసిన రాబర్ట్ నోబుల్ కూడా ఆంగ్లికన్ మిషనరీయే. 1843లో బడిగా మొదలైంది అది.

1947 సెప్టెంబర్ 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి సీఎస్ఐ అయ్యారు. మా నంద్యాల వాళ్ళు మాత్రం అప్పుడు కలవలేదు, 1975 దాకా పట్టుబట్టి విడిగానే ఉన్నారు. మా తాత ఆ పాత ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకం తప్ప ఇంకోటి ముట్టేవాడు కాదు. ఆ నంద్యాలలోనే 2013లో ఒక మహిళ, పుష్పలలితగారు, బిషప్ అయ్యారు. సీఎస్ఐ మొత్తానికి ఆవిడే మొదటి మహిళా బిషప్. ఇక్కడ అమెరికాలో బార్బరా హ్యారిస్ 1989లోనే అయ్యారు, ప్రపంచ ఆంగ్లికన్లలోనే ఆవిడ మొదటిది. అప్పుడూ బోలెడంత మంది చర్చి మునిగిపోయిందన్నారు. జెండా విషయంలో మీ అభిప్రాయం మీది. మా చర్చిలోనే దాన్ని ఒప్పుకోనివాళ్ళున్నారు, ఒప్పుకున్నవాళ్ళ పక్కనే మోకరిస్తారు. నాకు నచ్చింది ఆ పక్కన మోకరించడమే.

హెచ్4_కబుర్లు
నంద్యాల వాళ్ళకి పట్టుదల ఎక్కువని మా అత్తగారిని చూస్తేనే తెలుస్తుంది.

లెక్కల_మాస్టారు
ఆ కవరు గురించి నేను చెప్తా, ఎందుకంటే మా చర్చిలో ఆ కవర్లు పంపేది నేనే. నేను వెస్ట్రీలో ఉన్నాను. వెస్ట్రీ అంటే మన పాస్టరేట్ కమిటీ అనుకోండి. సభ్యులు ఎన్నుకుంటారు, మా దగ్గర 3 ఏళ్ళ పదవి.

మన దగ్గర పాస్టరుగారిని బిషప్ బదిలీ చేస్తారు కదా. ఇక్కడ అలా కాదు. ఉన్నాయన వెళ్ళిపోతే వెస్ట్రీయే వెతికి, ఇంటర్వ్యూలు చేసి, బిషప్ సమ్మతితో పిలుచుకుంటుంది. జీతం, ఇన్సూరెన్స్, పెన్షన్, అన్నీ ఆ చర్చి జేబులోంచే. పైగా బిషప్ కింద ఉండే ప్రాంతీయ విభాగం, అంటే డయోసిస్‌కి వాటా కట్టాలి. మా బాయిలర్ పాతది. దాని గురించి ఒక మీటింగులో రాత్రి పది దాకా కొట్టుకున్నాం, త్రిత్వం గురించి కూడా క్రైస్తవులు అంత కొట్టుకుని ఉండరు. జనవరి వార్షిక సమావేశానికి బడ్జెట్ పెట్టాలంటే వచ్చే ఏడాది ఎంతొస్తుందో అక్టోబరు, నవంబరుల్లో అంచనా కావాలి. ఆ కవర్లో కార్డు అందుకే. అప్పు పత్రం కాదది. ఉద్యోగం పోతే ఫోన్ చేసి తగ్గించుకోవచ్చు, కారణం కూడా ఎవరూ అడగరు. కోత పండుగ రోజు మైకులో పేరు, అంకె చదివే పద్ధతి కంటే ఇది నాకు గౌరవంగానే అనిపిస్తుంది. ఎంత రాశారో మా దగ్గర ఒకరిద్దరికి తప్ప ఎవరికీ తెలియదు.

కాకపోతే ఒకటి ఒప్పుకుంటాను. కొత్తగా వచ్చినవాళ్ళకి మనిషి కంటే ముందు కవరు వెళ్ళడం పద్ధతి కాదు. డైరెక్టరీలో పేరెక్కగానే కంప్యూటర్ పంపేస్తుంది. ఆ మాట మీ చర్చి ఆఫీసులో చెప్పండి, వాళ్ళకీ తెలియాలి.

బందరు_లడ్డూ
@లెక్కల_మాస్టారు బాయిలర్ ముక్క చదివి నవ్వాగలేదు. సరే, కార్డు సంగతి అర్థమైంది. కానీ @ఆల్టర్_గిల్డ్_అక్క, పని చేస్తేనే దగ్గరకి తీస్తారంటే మరి చేయలేనివాళ్ళ గతేంటి? చంటిపిల్లల తల్లులు, రెండు ఉద్యోగాలు చేసేవాళ్ళు?

ఆల్టర్_గిల్డ్_అక్క
మంచి ప్రశ్నే. నా దగ్గర మంచి జవాబు లేదు. వాళ్ళు జారిపోతూనే ఉంటారు. మా దగ్గర ఒక మెక్సికన్ కుటుంబం అలాగే కనబడకుండా పోయింది. ఎవరూ వెళ్ళి అడగలేదు, నాతో సహా.

సాయంత్రం_షిఫ్ట్
నేను రెండు ఉద్యోగాల బాపతే. షికాగో దగ్గర నర్సుని. పోయినేడు మా ఆయనకి గుండె ఆపరేషన్ అయింది. చర్చి నుంచి ఒక్కరూ రాలేదని ఆసుపత్రిలో కూర్చుని కుళ్ళిపోయాను. తీరా చూస్తే వాళ్ళకి తెలియనే తెలియదు! ఇక్కడ ఆసుపత్రి వాళ్ళు మనం చెప్పమంటే తప్ప చర్చికి చెప్పరు, ప్రైవసీ చట్టం. మన ఊళ్ళోనైతే మంచమెక్కామంటే సాయంత్రానికి పేటంతా తెలిసిపోతుంది. ఇక్కడ మనమే ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పాలి.

చెప్పాక చూడాలి. ఆ రోజే ప్రీస్ట్ వచ్చింది (మా దగ్గర ఆడావిడే), నూనె రాసి ప్రార్థన చేసింది. ఎవరో ఆన్‌లైన్లో భోజనాల పట్టిక పెట్టారు, రోజుకొకరు వండి తెచ్చారు. ప్రతివాళ్ళూ చీజు వేసిన నూడుల్సే తెచ్చారనుకోండి, బైపాస్ చేయించుకున్న మనిషికి! చివరికి నేనే పట్టికలో "ఉప్పు తక్కువ, చీజ్ వద్దు, అన్నం చాలు" అని రాశాను. తర్వాతి రోజు ఒకావిడ ఉత్త అన్నం పెద్ద గిన్నెడు తెచ్చింది. కూర లేదు, పప్పు లేదు. ఉత్త అన్నం. 😄

ఆదివారం ఆరాధన అవగానే ఒక రిటైర్డ్ మాస్టారు చిన్న పెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చేవాడు. అందులో ఆ రోజు బల్ల మీద దీవించిన రొట్టె, చిన్న సీసాలో ద్రాక్షారసం. మంచం పక్కనే స్టూలు వేసి, గుడ్డ పరిచి, చర్చిలో ఆ రోజు చదివిన వాక్యమే చదివి ఇచ్చేవాడు. ఇలా ఇళ్ళకి తీసుకెళ్ళడానికి మామూలు సభ్యులకే శిక్షణ, అనుమతి ఇస్తారు. మా ఆయన లేచి తిరిగేదాకా ఆ మాస్టారు మానలేదు.

పులిహోర_పార్టీ
నేను క్రైస్తవుణ్ణి కాను, వెంకన్న భక్తుణ్ణి. అయినా చర్చి ఫుడ్ ప్యాంట్రీలో శనివారాలు మూటలు మోస్తాను, మా ఆఫీసు వాళ్ళు వాలంటీర్లుగా తీసుకెళ్తే అలవాటైంది. ఫుడ్ బ్యాంక్ నుంచి లారీ వస్తుంది, డబ్బాలు, కూరగాయలు అరల్లో సర్దుతాం. వచ్చినవాళ్ళు బండి తోసుకుంటూ తమకి కావలసింది తామే తీసుకుంటారు, కొట్లో లాగా. ముందు మేం కట్టి ఇచ్చేవాళ్ళం, సగం మంది తమకి అక్కర్లేని డబ్బాలు బయట గోడ మీద పెట్టి పోయేవారు. ఇప్పుడా గోడ ఖాళీ.

అక్కడ నన్ను మతం మార్చుకోమని ఎవరూ అడగలేదు. అడిగిందల్లా ఒక్కటే, కందిపప్పు ఎలా వండాలి అని. ఎవరో ఇండియన్ స్టోర్ వాళ్ళు పది బస్తాలు ఇచ్చారు, అక్కడెవరికీ దాంతో ఏం చేయాలో తెలీదు. తెలుగువాడిగా నా జన్మ ఆ రోజు ధన్యమైంది.

హెచ్4_కబుర్లు
ముద్దపప్పు ఎపిస్కోపల్ మినిస్ట్రీ 🙏

డోర్నకల్_ఎక్స్‌ప్రెస్
ఇందాకట్నుంచి చదువుతున్నా. ఎవరూ అనని మాట ఒకటి అంటాను. బందరు అన్న ఎవరూ ఏమీ అడగలేదని బాధపడుతున్నాడు. నాకు ఆ అడగకపోవడమే ఊపిరి.

మా ఊళ్ళో రెండు పేటలకి రెండు చర్చిలు. రెండూ సీఎస్ఐయే, ఇద్దరు అయ్యగార్లు. ఎవరు ఎవరి చర్చికి వెళ్ళాలో పుట్టుకతోనే తెలుసు. అమెరికా వచ్చాక ఒక తెలుగు సంఘానికి వెళ్ళాను. మొదటి రోజే బిర్యానీ ప్లేటు చేతిలో పెట్టి "మీ ఇంటిపేరేంటి, నాన్నగారిది ఏ ఊరు, ఏ పేట?" అన్నారు. ప్రేమగానే అడిగారు. జవాబు విన్నాక ప్రేమ కొంచెం తగ్గింది. పెళ్ళి సంబంధాల మాట వస్తే మా టేబుల్ దాటి పక్క టేబుల్ దగ్గర మాట్లాడుకునేవారు. నేనిప్పుడు ఎపిస్కోపల్ చర్చిలో కాడ పట్టుకుని నడుస్తాను (ఊరేగింపులో ముందు సిలువ మోసే పని). నా ఇంటిపేరు వాళ్ళకి పలకడమే రాదు. హాయిగా ఉంది.

డోర్నకల్లో అజరయ్యగారు కట్టించిన ఆ కెథడ్రల్ ఉంది కదా, 1939లో ప్రతిష్ఠ చేశారు, గుమ్మటాలూ స్తంభాలూ చూస్తే మసీదూ గుడీ కలిపి కట్టినట్టుంటుంది. అందరూ ఒకే కప్పు కింద కూర్చోవాలని ఆయన ఆశ. 1912లో బిషప్ అయిన మొదటి భారతీయ ఆంగ్లికన్ ఆయన. ఆ కప్పు కింద కూడా మేం వరసలు వేరుచేసుకునే కూర్చున్నాం.

సూటిగా
డోర్నకల్ తమ్ముడూ, అన్ని తెలుగు సంఘాలూ అలా ఉండవు. మా దగ్గర ఎవరూ అడగరు.

డోర్నకల్_ఎక్స్‌ప్రెస్
మీ దగ్గర ఎవరూ అడగరో, మీకు అడిగినట్టు అనిపించదో ఒకసారి చూసుకోండి అన్నా. గొడవకి కాదు.

నంద్యాల_మనవడు
ఎపిస్కోపల్ వాళ్ళూ మొదట్నుంచీ ఇంత మంచివాళ్ళేం కాదు లెండి. ఒకప్పుడు బెంచీలు అద్దెకిచ్చేవారు, డబ్బున్న కుటుంబాలవి ముందు వరసలు. అబ్సలోం జోన్స్ అని నల్లజాతి ఆయన, బానిసగా పుట్టాడు. తెల్లవాళ్ళ మెథడిస్టు చర్చిలో అవమానం జరిగితే బయటికొచ్చి ఫిలడెల్ఫియాలో సెయింట్ థామస్ చర్చి స్థాపించాడు. 1794లో అది ఎపిస్కోపల్ చర్చిలో చేరింది. చేర్చుకున్నారు గానీ డయోసిస్ సమావేశంలో కూర్చునే హక్కు మాత్రం చాలా దశాబ్దాలు ఇవ్వలేదు. అదొక రకం స్వాగతం! ఇప్పుడు ప్రతి ఫిబ్రవరి 13న ఆయన పేరున స్మరణ దినం చేస్తారు.

బందరు_లడ్డూ
@డోర్నకల్_ఎక్స్‌ప్రెస్ నేను అటువైపు నుంచి ఆలోచించలేదు తమ్ముడూ. మా ఇంట్లో ఈ ప్రశ్నలు అడిగేవాళ్ళమే ఎక్కువ.

ఇంకో సందేహం. మా వాడికి ఎనిమిదేళ్ళు. బల్ల దగ్గరికి వెళ్తే వాడికి కూడా రొట్టె ఇవ్వబోయారు. మా ఆవిడ గభాలున చెయ్యి పట్టుకుని లాగేసింది. కన్ఫర్మేషన్ (పెద్దయ్యాక విశ్వాసాన్ని స్వయంగా ఒప్పుకునే ఆచారం) కాకుండా ఎలా?

లెక్కల_మాస్టారు
1979 ప్రార్థన పుస్తకం వచ్చాక వీళ్ళ లెక్క ఏమిటంటే బాప్తిస్మంతోనే పూర్తి సభ్యత్వం. చిన్నపిల్లలైనా బాప్తిస్మం అయితే పుచ్చుకోవచ్చు. మీకు ఇష్టం లేకపోతే వాడు చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుంటే చాలు, తల మీద చెయ్యి పెట్టి దీవిస్తారు. ఎవరూ ఏమీ అనుకోరు. మీ ఇద్దరికీ మళ్ళీ కన్ఫర్మేషన్ అక్కర్లేదు, బందరు నుంచి సభ్యత్వ బదిలీ ఉత్తరం తెప్పించుకోండి.

ఆల్టర్_గిల్డ్_అక్క
వాణ్ణి ఆరాధనలో కొవ్వొత్తులు వెలిగించే అకలైట్‌గా చేర్చు. కొవ్వొత్తి కర్ర చేతికిస్తే ఏ పిల్లాడైనా ఆదివారం ముందే లేస్తాడు. మా వాడు ఈస్టర్ ముందు రాత్రి కొత్త నిప్పు వెలిగించేటప్పుడు కనుబొమ్మ కాల్చుకున్నాడు, అయినా మానలేదు.

మీ ఆవిణ్ణి నీలం డబ్బా గురించి అడగమను. యునైటెడ్ థ్యాంక్ ఆఫరింగ్ అని, 1889 నుంచి ఆడవాళ్ళు నడుపుతున్నారు. ఇంట్లో చిన్న అట్టపెట్టె ఉంచుకుని, మంచి జరిగినప్పుడల్లా ఒక నాణెం వేస్తారు. మన అమ్మలు ఎసరు పెట్టే ముందు పిడికెడు బియ్యం తీసి చర్చి కోసం విడిగా డబ్బాలో పోసేవాళ్ళు కదా, నాకు అచ్చం అదే గుర్తొచ్చింది. మా చర్చిలో ఈ పిడికెడు బియ్యం సంగతి చెప్తే ఒకావిడ ఏడ్చినంత పని చేసింది. ఆ తర్వాతే వాళ్ళ ఇంటికి భోజనానికి పిలిచింది.

సూటిగా
నా అభిప్రాయం మారలేదు. కానీ పిడికెడు బియ్యం అంటే మా అమ్మ గుర్తొచ్చింది. బందరు బ్రదర్, రెండో శనివారం సాయంత్రాలు మాకు జూమ్‌లో తెలుగు ప్రార్థన ఉంటుంది, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడతాం. ఆదివారం ఎక్కడికి వెళ్ళినా దానికి రండి. కావాలంటే మెసేజ్ పెట్టండి.

సాయంత్రం_షిఫ్ట్
@సూటిగా మంచి మాట. నాకూ ఆ లింక్ పంపండి అన్నా. నైట్ షిఫ్ట్ లేని రోజు వస్తా.

బందరు_లడ్డూ
అందరికీ థ్యాంక్స్. మా ఆవిడ ఈ పోస్టులన్నీ చదివింది. కొలంబస్‌కి నెలకోసారి వెళ్దాం, మిగతా వారాలు ఇక్కడే అంటోంది. కాఫీ హాల్లో గోడకి ఒక పట్టిక వేలాడుతుంది, ఏ వారం టిఫిన్లు ఎవరు తెస్తారో పేరు రాసుకోవాలి. డిసెంబరు మొదటి ఆదివారం ఖాళీగా ఉంటే రాసేసింది. పులిహోర చేయనా, ఉప్మా చేయనా అని నన్ను చంపుతోంది.

హెచ్4_కబుర్లు
ఉప్మా వద్దు!! సువార్తకి ఆటంకం.

పులిహోర_పార్టీ
నా పేరే సమాధానం.

లెక్కల_మాస్టారు
పులిహోరే. కాకపోతే వేరుశెనగ వేయొద్దు, అలర్జీ ఉన్న పిల్లలుంటారు. గిన్నె ముందు చిన్న కాగితం మీద ఏమేం వేశారో రాసి పెట్టండి. ఎండు మిరపకాయలు ఏరేయండి, మా దగ్గర ఒక పెద్దాయన అదేదో కూరగాయనుకుని నమిలేశాడు.

బందరు_లడ్డూ
ఆయన బతికే ఉన్నాడా?

లెక్కల_మాస్టారు
ఉన్నాడు. ఇప్పుడు బాయిలర్ కమిటీకి ఛైర్మన్.